మా ఆదివారాలకు తాళం వేసినవాళ్లు

మా అన్నయ్య బాంబూఫ్లాట్ ఫెర్రీలో ఖలాసీగా పనిచేసేవాడు. బోటు జెట్టీకి తగులుతుండగా తాడు విసరడం, గుంజకు బిగించి కట్టడం, బళ్లను ఎక్కించడం, దింపడం అతని పని. మా నాన్న కూడా అదే పని చేసి రిటైరయ్యాడు. మా తాత శ్రీకాకుళం వైపు ఒక సముద్రపు ఒడ్డు ఊరి నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మేం పుట్టి పెరిగిందంతా ఈ దీవిలోనే. నేను డెలానీపూర్‌లో ఒక ఆఫీసులో గుమాస్తాను. రోజూ పొద్దున్నే అన్నయ్య ఉన్న బోటులోనే అవతలి ఒడ్డుకు వెళ్లేదాన్ని. నేను ఎక్కడం చూసి అతను కనుబొమలు ఎగరేసేవాడు, అంతే. డ్యూటీలో ఉన్న మనిషి చెల్లెలితో కబుర్లు చెప్పకూడదని అతని పట్టింపు.

ఒక వానాకాలం అతనికి ఇంజను గదిలోంచి మాటలు వినిపించడం మొదలైంది. ఎవరో తన గురించే మాట్లాడుకుంటున్నారని, తనవాళ్లను నీళ్లలోకి తోసేయాలని చూస్తున్నారని అనుకునేవాడు. ఇంట్లో నాకేమీ చెప్పలేదు. అన్నం తింటూ తింటూ తల పక్కకు వంచి ఏదో వినేవాడు. ఒక రోజు బోటు జెట్టీ దగ్గరకొస్తుండగా తాడు చేతిలో పట్టుకుని విసరకుండా నిలబడిపోయాడు. బోటు నడిపే సరంగు పైనుంచి అరిచాడు. అన్నయ్య కదల్లేదు. బోటు జెట్టీకి గుద్దుకుంది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు గానీ రెండు స్కూటర్లు పడిపోయాయి, జనం తిట్టారు. ఆ జనంలో నేనూ ఉన్నాను. అన్నయ్య తోసుకుంటూ నా దగ్గరకొచ్చి, "ఒలే, నువ్వు దిగిపో. ముందు నువ్వు దిగిపో" అన్నాడు. అతని చెయ్యి చల్లగా ఉంది. తనకేమవుతుందోనని కాదు, నన్నేం చేస్తారోనని అతని భయం.

తర్వాత ఆసుపత్రి. డాక్టరు మంచి మనిషి. జబ్బుకు ఒక పేరు చెప్పాడు. ఆ పేరు ఇక్కడ రాయను, ఎందుకంటే అది విన్న దగ్గర్నుంచి మా పేటలో జనం మా అన్నయ్య పేరు మరిచిపోయారు. మందులు పనిచేశాయి. గొంతులు పూర్తిగా పోలేదు గానీ దూరం జరిగాయి. పక్కింటి రేడియోలా వినిపిస్తాయి, ఏమంటున్నాయో తెలియదు అని తనే చెప్పాడు. కొన్నాళ్లకు డాక్టరు నాతో ఒక మాట అన్నాడు. మాత్ర రాయడం తన చేతిలో ఉందట. మిగతా రోజంతా ఆయనతో ఎవరుంటారమ్మా అని అడిగాడు.

అమ్మా నాన్నా అప్పటికే పోయారు. నేను ఆఫీసుకు వెళ్లిపోతే ఇంట్లో అన్నయ్య ఒక్కడే. బోటు మీదికి మళ్లీ రానివ్వలేదు. మంచం మీద గోడవైపు తిరిగి కూర్చునేవాడు. సాయంత్రం నేను వచ్చేసరికి అదే గోడ, అదే కూర్చోవడం.

గోల్ ఘర్‌లో దుకాణం ఉన్న మా మేనమామ ఒకసారి చూడ్డానికి వచ్చాడు. చూడ్డానికి అన్నాను గానీ అన్నయ్య గదిలోకి తొంగి కూడా చూడలేదు. కుర్చీ వీధి గుమ్మం దగ్గరకు లాక్కుని కూర్చున్నాడు.

"ఈడ్ని మెయిన్‌ల్యాండ్ పంపించీమ్మా. అక్కడ గుళ్లున్నాయి, దర్గాలున్నాయి. ఒగ్గీసి వచ్చీ. ఆల్లే సూసుకుంటారు" అన్నాడు.

"ఒగ్గేసి రావడమేటి మావయ్యా? సామానా?"

"అది కాదమ్మా. నీ జిందగీ కూడా సూసుకోవాలి గదా. ఈడి మూలంగా నీకు పెళ్లే అవ్వలేదు."

నాకు పెళ్లి కాకపోవడానికి అన్నయ్యకు ఏ సంబంధమూ లేదు. నాకు కుదరలేదు, నేను చేసుకోలేదు. కానీ మా బంధువులకు అలా చెప్పుకోవడం బావుంటుంది. ఒకే మాటతో నన్ను త్యాగమూర్తిని, అతన్ని దోషిని చేసేయొచ్చు. ఆ రోజు మావయ్యకు టీ ఇవ్వలేదు.

మా వీధి చివర టీ బంకులో అందరికీ గాజు గ్లాసుల్లో టీ ఇస్తారు. మా అన్నయ్యకు కాగితపు కప్పులో ఇవ్వడం మొదలుపెట్టారు. అతను కొన్నాళ్లు గమనించలేదు. గమనించాక వెళ్లడం మానేశాడు. నాకు ఈ సంగతి అతను చెప్పలేదు, పక్కింటి పిల్లలు చెప్పారు. నేను ఆఫీసు నుంచి నేరుగా ఆ బంకుకు వెళ్లి ఎందుకని అడిగాను. బంకువాడు మొహం దించుకుని, "బురా మత్ మానో దీదీ, గిరాకీ భయపడుతోంది" అన్నాడు. ఏమనుకోవద్దట. కాగితపు కప్పు వల్ల జనానికి భయం ఎలా తగ్గుతుందో చెప్పమన్నాను. వాడు టీ వడకట్టడం మొదలుపెట్టాడు. పక్కన బెంచీ మీద కూర్చుని టీ తాగుతున్నవాళ్లు మా అన్నయ్యతో కలిసి చదువుకున్నవాళ్లే. ఒక్కడూ తలెత్తలేదు. గ్లాసు అందుకుని రోడ్డు మీద వేసి పగలగొట్టాలనిపించింది. చెయ్యి అక్కడిదాకా వెళ్లింది కూడా. దాన్ని కడిగేది ఆ బంకువాడి భార్య. పగిలిన పెంకులు ఏరేదీ ఆవిడే. అందుకని మానుకున్నాను.

ఆసుపత్రి వరండా బెంచీ మీద నాకు ఒక దీదీ పరిచయమైంది. వాళ్ల పెద్దలు రాంచీ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఆవిడ బడిలో డ్రాయింగ్ టీచరు, ఉండేది బాంబూఫ్లాట్‌లోనే. ఆవిడ కూతురు కాలేజీ చదువు మధ్యలో మానేసింది. బతకాలని లేక ఒకసారి ప్రాణం మీదికి తెచ్చుకుంది. మందుల కోసం వెళ్లినప్పుడల్లా మేమిద్దరం ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లం. ఒక రోజు ఆవిడ హిందీలో, "మీ అన్నయ్యను ఆదివారం మా ఇంటికి పంపు. నువ్వు మాత్రం రాకు" అంది.

నాకు ఒళ్లు మండింది. పట్టుమని పరిచయం లేదు, నన్ను రావద్దంటుందా అనుకున్నాను. ఆవిడే నవ్వి, "వాళ్లు ఎక్కడికెళ్లినా పక్కన మనం కాపలా ఉంటున్నాం. ఒక్కపూటైనా మనం లేకుండా ఉండనీ" అంది.

అన్నయ్యను పంపించాను. గుమ్మంలో నిలబడి వీధి మలుపు తిరిగేదాకా చూశాను. సాయంత్రం తిరిగొచ్చాడు. చేతికి ఏదో రంగు అంటింది. "ఏం చేశారు?" అని అడిగాను.

"ఏటీ సెయ్యలేదు. ఆల్ల గేటుకి రంగు ఏసినాం. తర్వాత ముర్రీ తిన్నాం, అదే, మరమరాలు." చెయ్యి కడుక్కుంటూ, "అక్కడ నన్ను ఎవ్వలూ ఏటీ అడగలేదే" అన్నాడు.

ఆ వారం గోడవైపు కూర్చోవడం తగ్గింది. మళ్లీ ఆదివారం ఎప్పుడని రెండుసార్లు అడిగాడు.

అలా మొదలైంది. దీనికి పేరు లేదు, బోర్డు లేదు. ఆసుపత్రి బెంచీ మీద పరిచయమైనవాళ్లు ఒక్కొక్కరే వచ్చి చేరారు. భార్య పోయాక ఇల్లు కదలడం మానేసిన రిటైర్డ్ మాస్టారు ఒకాయన వచ్చాడు. చేపలు అమ్మే ఒకావిడ వచ్చి మూల కూర్చుని ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయేది, మళ్లీ ఆదివారం అందరికంటే ముందు వచ్చేది. ఇంట్లోవాళ్లం మేం కొందరం దూరంగా ఉండి టీ కాచేవాళ్లం. డాక్టరు ఇచ్చిన మందు ఎవరూ మానమని చెప్పరు, వేసుకున్నావా అని పోలీసులా అడగరు. సలహాలు ఇవ్వకూడదు. అక్కడ విన్నమాట బయట అనకూడదు. ఈ చివరి నియమం అన్నయ్య పెట్టాడు. అతని గురించి ఊరంతా మాట్లాడుకున్న సంగతి అతనికి తెలుసు.

వానలు మొదలయ్యాక దీదీ వరండాలో చోటు చాల్లేదు. మా పేట గుడి పక్కన ఒక హాలుంది. పెళ్లిళ్లు, బారసాలలు అక్కడే చేస్తారు. ఆదివారం మధ్యాహ్నాలు ఎక్కువగా ఖాళీ. నేను వెళ్లి గుడి కమిటీని అడిగాను. అప్పటి పెద్దాయన మా నాన్నతో బోటులో పనిచేసినవాడు. తాళం చేతిలో పెట్టి, "తుడిసి ఇచ్చీండమ్మా" అన్నాడు. మావాళ్లు తుడిచేవారు కాదు, కడిగేవారు. కిటికీల ఊచలు కూడా గుడ్డపెట్టి రుద్దేవారు. గుడికి వచ్చినవాళ్లు హాలు ఇంత శుభ్రంగా ఎప్పుడూ లేదనేవారు, కానీ ఎవరు చేశారని అడిగేవారు కాదు.

ఆ హాల్లో మావాళ్లు ఏం చేసేవారని నన్ను చాలామంది అడిగారు. క్యారమ్స్ ఆడేవారు. కొబ్బరికాయల పీచు తీసి గుడికి ఇచ్చేవారు. మాట్లాడాలనిపించినవాళ్లు మాట్లాడేవారు, మిగిలినవాళ్లు వినేవారు. ఇది వినగానే అడిగినవాళ్ల మొహంలో, ఇంతేనా అన్న చిన్నచూపు కనిపించేది. వాళ్లకోసమే ఒక సంగతి చెబుతాను.

ఒక ఆదివారం దీదీ కూతురు రాలేదు. గది తలుపు వేసుకుని తియ్యడం లేదని దీదీ ఏడుస్తూ వచ్చి చెప్పింది. నేను డాక్టరుకు ఫోన్ చేద్దామని లేచాను. అన్నయ్య, మాస్టారు అప్పటికే చెప్పులు వేసుకున్నారు. మేం వెళ్లేసరికి వాళ్లిద్దరూ ఆ పిల్ల గది తలుపుకి ఆనుకుని కింద కూర్చున్నారు. తలుపు తియ్యమని అనలేదు. ఏమైందని అడగలేదు. అన్నయ్య ఆ రోజు జెట్టీలో దిగిన చేపల సంగతి చెబుతున్నాడు, తెలుగూ హిందీ కలిపి. సుర్మాయి బాగా పడిందని, ఒకడు దాన్ని వంజరం అంటే ఇంకొకడు కాదని కొట్టుకున్నారని. మాస్టారు మధ్యమధ్యన ఊఁ కొడుతున్నాడు. దీదీ వంటింట్లో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది. నేను ఆవిడ పక్కనే నిలబడ్డాను. చాలాసేపటికి లోపలినుంచి ఆ పిల్ల గొంతు వినిపించింది.

"సుర్మాయి ఎంతకి ఇచ్చారు అంకుల్?"

అన్నయ్య ధర చెప్పాడు. "అంతా?" అంది లోపలినుంచి. "మరేటనుకున్నావ్" అన్నాడు ఇతను. ఇంకాస్సేపటికి గడియ తీసిన చప్పుడైంది. మర్నాడు వాళ్లమ్మతో కలిసి ఆసుపత్రికి వెళ్లింది, మందు మార్పించుకుంది. ఆ రోజు ఆ తలుపు దగ్గర వాళ్ల బదులు నేను కూర్చుని ఉంటే ఏడ్చేదాన్ని, బతిమాలేదాన్ని, తిట్టేదాన్ని కూడా. ఆ పిల్ల ఇప్పటికీ ఉంది. ఇంతేనా అన్నవాళ్లకు నేను చెప్పేది ఇదే.

ఆ తర్వాత పెద్దాయన పోయాడు, కొత్త కమిటీ వచ్చింది. కొత్త ప్రెసిడెంటు కాకినాడ వైపు నుంచి వచ్చి రోడ్ల కాంట్రాక్టులు చేసుకుంటున్న మనిషి. నన్ను చెల్లెమ్మా అని పిలిచేవాడు. కొన్ని వారాలకు ఆయన భార్య హాలు వెనకవైపు, టీ కాచే చోటుకు వచ్చింది. చేతిలో ప్రసాదం గిన్నె ఉంది. ఇవ్వడానికి వచ్చానంది గానీ వెళ్లలేదు. పొయ్యి పక్కన పీట వేసుకుని కూర్చుంది. నిద్ర పట్టడం లేదట. తెల్లారితే లేవాలనిపించదట. గిన్నెలు కడుగుతూ కడుగుతూ ఏడుపు వచ్చేస్తుందట, ఎందుకో తెలియదట. ఈ సంగతులు నేను రాయడానికి ఆవిడే ఒప్పుకుంది కాబట్టి రాస్తున్నాను. అప్పుడు మాత్రం నా మణికట్టు పట్టుకుని, "మా ఆయనకి తెలిస్తే ఊరుకోరు. ఎవరికీ చెప్పకమ్మా" అంది. తర్వాత ప్రతి ఆదివారం వెనక తలుపు గుండానే వచ్చేది.

గొడవ ఒక పెళ్లితో మొదలైంది. పెళ్లివారు విశాఖపట్నం నుంచి వచ్చారు. ఆదివారాలు ఇక్కడ పిచ్చివాళ్లు కూర్చుంటారని వాళ్లతో ఎవరో అన్నారట. శుభకార్యానికి ఇలాంటి చోటా అని వాళ్లు ముఖం చిట్లించారట. ఆ రాత్రికే మా పేట వాట్సాప్ గ్రూపు నిండిపోయింది. మా కుర్రాళ్లలో చాలామందికి తెలుగు చదవడం రాయడం సరిగ్గా రాదు, అంతా గొంతు రికార్డు చేసి పంపుతారు. నేను పొద్దున ఫెర్రీలో కూర్చుని ఒక్కొక్కటే విన్నాను. పాగల్ క్లబ్ అని ఒకడు. పిల్లల్ని గుడికి పంపాలంటే భయంగా ఉందని ఒకావిడ. వాళ్లమీద జాలి ఉంది గానీ అంటూ మొదలుపెట్టి నలుగురు. తిట్టినవాడి మీద కంటే ఈ "జాలి ఉంది గానీ" అన్నవాళ్లమీద నాకు ఎక్కువ కోపం వచ్చింది. తిట్టినవాడు తిట్టానని ఒప్పుకుంటాడు. వీళ్లు మెడపట్టి గెంటుతూ కూడా తమను మంచివాళ్లనుకోమంటారు.

సాయంత్రం హారతి అయ్యాక అదే హాల్లో మీటింగు పెట్టారు. మావాళ్లు అందరూ వచ్చారు. నేను వద్దన్నాను, అన్నయ్య వినలేదు. "మన గురించే గదా. మనం లేకపోతే ఎలాగ?" అన్నాడు. ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని వెనక వరసలో కూర్చున్నాడు. ఆడవాళ్ల వైపు ముందు వరసలో ప్రెసిడెంటు భార్య ఉంది.

ప్రెసిడెంటు లేచి మెత్తగా మాట్లాడాడు. "చూడు చెల్లెమ్మా, మీరు చేసేది పుణ్యకార్యమే. మేం కాదనట్లేదు. కానీ ఇలాంటివి ఆసుపత్రిలో చేసుకోవాలి. ఇది దేవుడి చోటు. మంచీ చెడూ ఉంటాయి కదా. మన కుటుంబాల్లో ఇలాంటివి లేవు, మనకి అలవాటు లేదు. ఆడపిల్లలు తిరిగే చోటు."

మన కుటుంబాల్లో లేవు అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయనకు రెండు బారల దూరంలో ఆయన భార్య తలవంచుకుని చీర అంచు నలుపుతోంది.

నా నోటిదాకా వచ్చింది. ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం అంటే ఆయన కూర్చుండిపోతాడు, తాళం మా చేతిలోనే ఉంటుంది. ఆవిడ తలెత్తి నావైపు చూసింది. ఆ చూపులో చెప్పకు అన్న బతిమాలడం లేదు. చెప్పేస్తుంది, అయిపోయింది అన్న చూపు అది. మా అన్నయ్య బోటులో నన్ను దిగిపొమ్మన్నప్పుడు కూడా సరిగ్గా అలాగే చూశాడు. నేను పళ్లు బిగించుకుని కూర్చున్నాను. అన్నింటికంటే ఎక్కువ కోపం అప్పుడే వచ్చింది. వాళ్లు మామీద ఏ మాటైనా అనొచ్చు, మేం మాత్రం నియమం పాటించాలి. పాటించాను.

అప్పుడు అన్నయ్య లేచాడు. చేతులు కట్టుకున్నాడు, ఆఫీసరు ముందు నిలబడినట్టు.

"ఒక మాట అడగాల. హాలు ఆదివారం మేం కడుగుతున్నాం. రేపట్నుంచి ఎవలు కడుగుతారు?"

నిజంగానే అడిగాడు. అతనికి అదే పెద్ద సమస్యగా కనిపించింది. కడిగేవాళ్లు లేకపోతే పాచి పడుతుంది, ఈ దీవిలో వానకు ఏదైనా పాచి పడుతుంది. హాలంతా నవ్వింది. కాగితపు కప్పు సంగతి అడిగిన రోజు తలెత్తని అతని స్నేహితులు కూడా పగలబడి నవ్వారు. అన్నయ్య చుట్టూ చూసి, తనూ కొంచెం నవ్వి కూర్చున్నాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తొస్తే చేతిలో ఉన్న వస్తువు కింద పెట్టేయాల్సి వస్తుంది.

చేతులెత్తించారు. మావైపు మావాళ్లూ, పూజారిగారి తల్లీ తప్ప ఎవరూ ఎత్తలేదు. ప్రెసిడెంటు భార్య ఎటూ ఎత్తలేదు. మర్నాటికి హాలుకు కొత్త తాళం పడింది.

తర్వాతి ఆదివారాలు చెడ్డగా గడిచాయి. దీదీ వరండాలో సగంమంది తడుస్తూ కూర్చునేవాళ్లు. మాస్టారు రావడం మానేశాడు. చేపలమ్మే ఆవిడ కూడా రాలేదు. అన్నయ్య మళ్లీ గోడవైపు తిరిగాడు. గొంతులు దగ్గరకొస్తున్నాయని చెప్పాడు. డాక్టరు మందు కొంచెం పెంచాడు, దాంతో పగలంతా మత్తుగా పడుకునేవాడు. హాలు మూసినవాళ్లలో ఎవరికైనా ఈ సంగతి తెలుసా? తెలియదు. ఒక తాళం వేసి, చేతులు దులుపుకుని, ప్రసాదం తిని ఇళ్లకు పోయారు. దాని బరువు మా ఇంట్లో ఒక మంచం మీద పడింది.

మళ్లీ దారి దొరికింది జెట్టీ దగ్గర. ఒక పడవల యజమాని ఉన్నాడు, మలబారు వైపు ముస్లిం కుటుంబం, అందరూ భాయ్ అంటారు. అన్నయ్య కనబడటం లేదేమని నన్ను ఫెర్రీ దగ్గర ఆపి అడిగాడు. చెప్పాను. కోపంతో చెప్పాను కాబట్టి కాస్త గట్టిగానే చెప్పాను. ఆయన మొత్తం విని, "నా వలల షెడ్డు ఇత్వార్ ఖాళీయే. ఆదివారాలు వచ్చి కూర్చోండి" అన్నాడు. పుణ్యం అనలేదు, జాలి అనలేదు. షెడ్డులో ఉప్పు వాసన, డీజిల్ వాసన. కింద వలలే పరుపులు. నేనూ దీదీ అన్నయ్యను లేపి, ఇద్దరం చెరోవైపు నడిచి తీసుకెళ్లాం. మాస్టారి ఇంటికి దీదీ కూతురు వెళ్లి, ఆయన వచ్చేదాకా అరుగు మీద కూర్చుంది. చేపలమ్మే ఆవిడ తనంతట తనే వచ్చింది. చిరిగిన వల ఒకటి ఒళ్లో వేసుకుని కుట్టడం మొదలుపెట్టింది. అన్నయ్య కాసేపు చూసి, రెండో కొస పట్టుకున్నాడు. ఇప్పుడు భాయ్ ఆ పనికి అతనికి కూలి కూడా ఇస్తున్నాడు. బోటు మీదికి తీసుకోవాలని పెట్టుకున్న అర్జీకి ఇప్పటిదాకా జవాబు లేదు.

ఇక శాలువా సంగతి. కిందటేడు మా పేటలో మానసిక ఆరోగ్యం మీద అవగాహన సభ పెట్టారు. పెట్టింది ఆ కమిటీయే, అదే హాల్లో. పెద్ద బ్యానరు, మైకు, బయటి నుంచి వచ్చిన అతిథులు. సేవ చేస్తున్నందుకు నన్ను సన్మానిస్తామని ఇంటికొచ్చి పిలిచారు. దీదీని పిలవలేదు, అన్నయ్యను పిలవలేదు. వెళ్లకూడదనుకున్నాను. అన్నయ్యే, "ఎల్లు. ఆల్లేటి సెప్తారో సూసి రా" అన్నాడు.

ప్రెసిడెంటు మైకులో, మన పేటలో ఈ మంచి పని మన హాల్లోనే పుట్టిందని చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. శాలువా కప్పడానికి నా దగ్గరకు వచ్చాడు. నేను మెల్లగానే అడిగాను.

"అన్నగారూ, ఆదివారాలు హాలు తాళం ఇస్తారా?"

ఆయన నవ్వు చెదరలేదు. ఫోటో తీసేవాడివైపు చూస్తూనే, "అది వేరే విషయం చెల్లెమ్మా. తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు.

"తర్వాత కాదు. ఇప్పుడు చెప్పండి."

"అందరూ చూస్తున్నారమ్మా."

"చూడనీండి. ఇస్తారా, ఇవ్వరా?"

మైకు దగ్గరగా ఉంది, ఆ మాట హాలంతా వినిపించింది. ఆయన గబగబా శాలువా నా భుజాల మీద వేసేశాడు. నేను శాలువాను మడిచి కుర్చీ మీద పెట్టి మెట్లు దిగి వచ్చేశాను. వెనకనుంచి ఎవరో, ఎంత పొగరు అన్నారు. వాట్సాప్‌లో కూడా అదే మాట తిరిగింది. ఇంటికొచ్చి అన్నయ్య పక్కన కూర్చున్నాను. జరిగిందంతా చెప్పాను. అన్నయ్య శ్రద్ధగా విని, "భోజనాలు పెట్టినారా?" అన్నాడు.

"పెట్టుంటారు. నేను తినలేదు."

"పులిహోర సేసుంటారు. తినీసి వచ్చీవలిసింది" అన్నాడు, నిజంగానే బాధపడుతూ. అప్పుడు నవ్వాను, ఆ తర్వాత చాలాసేపు ఏడ్చాను.

రెండు వారాల తర్వాత ప్రెసిడెంటు భార్య వలల షెడ్డుకు వచ్చింది. బజారు మధ్యనుంచి, పట్టపగలు, అందరూ చూస్తుండగా నడిచి వచ్చింది. వల మీద కూర్చుని, సభ జరిగిన సాయంత్రం భర్తకు అంతా చెప్పేశానంది. ఎన్నాళ్లుగానో, ఎక్కడికి వస్తోందో, నాకు తెలిసి కూడా ఆ మీటింగులో నేను నోరు మూసుకున్న సంగతీ. "ఏమన్నారు?" అని దీదీ అడిగింది. "ఏమీ అనలేదు. రెండ్రోజులు మాట్లాడలేదు. తర్వాత ఆసుపత్రికి తీసుకెళ్లారు" అంది. నావైపు తిరిగి, "నువ్వు ఎక్కడైనా చెప్పుకో, రాసుకో. నాకిక భయం లేదు" అంది. ఆవిడ మీద నాకు కోపం లేదు. ఆ రోజు చెయ్యి ఎత్తనందుకు కొన్నాళ్లు ఉండేది, ఇప్పుడు లేదు.

ఆయన మీద ఉంది. ఇప్పుడు ఆదివారాలు ఆవిడను స్కూటరు మీద తెచ్చి మలుపులో దింపి వెళుతున్నాడు. షెడ్డు దాకా రాడు. హాలు తాళం ఇవ్వలేదు, ఇస్తానని కూడా అనలేదు. ఆయన మారుతున్నాడని, ఓపిక పట్టమని దీదీ అంటుంది. ఒక మనిషి సొంత ఇంట్లో దెబ్బ తగిలేదాకా ఎదుటివాళ్ల నొప్పి తెలుసుకోకపోతే, తెలిశాక కూడా మలుపులోనే ఆగిపోతే, దాన్ని మార్పు అనడానికి నాకు నోరు రావడం లేదు. ఈమధ్య నాకు కనబడి చెల్లెమ్మా అనబోయి ఆగిపోయాడు. ఆగినందుకు సంతోషించాను.

ఈ వానలకు షెడ్డు కప్పు ఒక మూల కారుతోంది. భాయ్ రేకు ఇస్తానన్నాడు. ఎక్కించడానికి మనుషులు కావాలి. కమిటీ కుర్రాళ్లను అడుగుదామా అని మాస్టారు అన్నాడు. వద్దన్నాను. వచ్చే ఆదివారం వాన తెరిపి ఇస్తే మేమే ఎక్కిస్తాం.